సరళీ వరుసల దగ్గరే తేలిపోతుంది

(సంగీత విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సభలో గాత్ర సాధకం మీద ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పిల్లలున్నారు, వెనక వాళ్ల అమ్మానాన్నలున్నారు. ఇద్దరికీ చెప్పాల్సిన సంగతులున్నాయి. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘క్రమశిక్షణతో సాధన, సానుకూల దృక్పథంతో విజయం’. బరువైన మాటలే. నేను వాటిని సరళీ వరుసల దాకా, అంటే స రి గ మ లతో మొదలయ్యే తొలి పాఠాల దాకా దించేస్తాను, ఏమీ అనుకోకండి. గాత్రం నేర్చుకునేవాళ్లకి ఈ రెండూ ఉన్నాయా లేవా అన్నది అక్కడే తేలిపోతుంది. కచేరీ దాకా ఆగక్కర్లేదు.

మామూలుగా ఇళ్లలో జరిగే సాధకం, అంటే రోజూ చేసే సాధన, ఎలా ఉంటుందో మీకు తెలుసు. శ్రుతిపెట్టె పెడతారు. మొదటి వరుస దగ్గర మొదలుపెట్టి పద్నాలుగో వరుస దాకా మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, గడగడా పాడేస్తారు. ఎక్కడైనా తడబడితే ఆగరు, దాటేసి వెళ్లిపోతారు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ‘పాడేశానమ్మా’ అని పుస్తకం మూసేస్తారు. నా లెక్కలో అది సాధకం కింద రాదు, పాఠం ఒప్పజెప్పడం కింద వస్తుంది. పైగా అందులో నష్టం కూడా ఉంది. గొంతుకి తప్పొప్పులు తెలియవు. మీరు ఏది పదేపదే పలికిస్తే అది గట్టిపడుతుంది. తప్పు పలికిస్తే తప్పే గట్టిపడుతుంది.

దీనికి రుజువు మలహరి రాగం. నెలల తరబడి మాయామాళవగౌళ రాగంలో స రి గ మ అని పాడి పాడి, పిల్లలు గీతాలకి, అంటే మొదటి చిన్న పాటలకి వస్తారు. మలహరి ఆరోహణలో, అంటే ఎక్కేటప్పుడు, గాంధారం (గ) లేదు. స రి మ ప ద స. దిగేటప్పుడు మాత్రం స ద ప మ గ రి స. నిషాదం (ని) అసలే లేదు. పిల్లకి ఈ సంగతి తెలుసు, అడిగితే టక్కున చెబుతుంది. పాడమంటే మాత్రం రిషభం (రి) తర్వాత గొంతు తనంతట తాను గాంధారం మీదికి వెళ్లిపోతుంది. తెలియక కాదు, అలవాటు తెలివి కంటే ముందు పరిగెడుతుంది. సరైన అలవాటుకే ఇంత బలం ఉంటే, తప్పు అలవాటుకి ఎంత ఉంటుందో చూసుకోండి.

అందుకే మొదటి అయిదు నిమిషాలూ వరుసల జోలికి పోవద్దు. శ్రుతి పెట్టుకుని కూర్చోండి. ఏ శ్రుతి, అంటే షడ్జమాన్ని (స) ఎంత ఎత్తులో పెట్టుకోవాలి? అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. సాధారణంగా ఆడపిల్లలు, చిన్నపిల్లలు నాలుగున్నర నుంచి ఆరు మధ్య, మగవాళ్లు ఒకటి నుంచి రెండున్నర మధ్య పాడతారు. మీది ఏదో తేల్చుకోవాలంటే కింద మంద్ర పంచమం (కింది స్థాయి ప) వినపడేలా పలకాలి, పైన తార గాంధారం (పై స్థాయి గ) అరవకుండా అందాలి. ఈ రెండూ అందిన చోటు మీ శ్రుతి. టీవీలో ఒక అమ్మాయి ఆరు శ్రుతిలో పాడుతోందని మన అమ్మాయిని కూడా ఆరుకి ఎక్కించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. శ్రుతి ఎక్కువైతే ఘనతేమీ కాదు.

(శ్రుతిపెట్టె ఆన్ చేసి) ఇప్పుడు వినండి. శబ్దం మరీ గట్టిగా పెడితే మీ గొంతు మీకు వినపడదు, మరీ తగ్గిస్తే శ్రుతి వదిలేసి వెళ్లిపోతారు. రెండూ సమంగా వినపడాలి. స... అని పట్టండి. కొంచెం తక్కువగానో ఎక్కువగానో ఉంటే ధ్వని అలలు అలలుగా కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. నెమ్మదిగా సర్దుకుంటూ వెళ్తే ఆ కొట్టుకోవడం ఆగిపోతుంది, మీ గొంతు శ్రుతిలో కరిగిపోయినట్టుంటుంది. అది చెవికి తెలియాలి. షడ్జమం, పంచమం, తార షడ్జమం. ఈ మూడే, ఒక్కొక్కటీ ఊపిరి ఉన్నంతసేపు, అకారంతో. పిల్లలకి ఇది విసుగ్గా ఉంటుందని నాకు తెలుసు. అయినా మినహాయింపు లేదు.

తర్వాత రిషభం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మొదటి ఏడాదిలో నూటికి తొంభై తప్పులు అక్కడే పుడతాయనిపిస్తుంది నాకు. మాయామాళవగౌళలో రిషభం శుద్ధ రిషభం, షడ్జమానికి ఆనుకునే ఉంటుంది. దాని తర్వాత గాంధారం అంతర గాంధారం, చాలా దూరంలో ఉంటుంది. ఆ దూరం చూసి గొంతు ముందే భయపడి రిషభాన్ని కాస్త పైకి జరుపుకుంటుంది, గాంధారం దగ్గరవుతుందని. దిగేటప్పుడు గాంధారం నుంచి రిషభానికి పూర్తిగా దిగకుండా మధ్యలోనే ఆగిపోతుంది. రెండు సందర్భాల్లోనూ రిషభం ఎక్కుతుంది. ధైవతానికీ (ద) ఇదే జబ్బు. ఎందుకంటే ఈ రాగంలో స రి గ మ ల మధ్య ఎంతెంత దూరాలున్నాయో, ప ద ని స ల మధ్య అచ్చంగా అంతే దూరాలున్నాయి. ఈ రాగాన్ని మొదటి పాఠాలకి పెట్టింది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. ఎవరు పెట్టినా పిల్లల కష్టం తెలిసి పెట్టారు. కింది సగం సరిగ్గా పట్టుబడితే పై సగం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, పంచమాన్ని షడ్జమం అనుకుని అదే నడక నడిస్తే చాలు.

సరిచేసుకోవడం ఎలాగంటే, వరుస మొత్తం పాడొద్దు. స రి స, స రి స. అంతే. రిషభం షడ్జమానికి ఒరుసుకుంటున్నట్టు వినపడాలి. అది కుదిరాక గ రి స. గాంధారానికి సాయం కావాలంటే మంచి తంబురా ఉన్నవాళ్ల దగ్గర కూర్చోండి. తీగెలు బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం తనంతట తానే పలుకుతుంది, మంద్ర షడ్జమం తీగెలోంచి. చెవి పెట్టి వింటే దొరుకుతుంది. ఫోన్ యాప్‌లో అది అంత తేటగా రాదు.

ఎన్నిసార్లు పాడాలి అని అడుగుతారు. అయిదు చింతపిక్కలు తీసుకోండి. ఎడమ చేతివైపు పెట్టుకోండి. తేడా లేకుండా పలికితే ఒకటి కుడివైపుకి జరపండి. తప్పితే ఒకటి వెనక్కి తేవాలి. అయిదూ కుడివైపు చేరితే ఆ ముక్క ఇవాళ్టికి అయింది. ఇందులో ఉన్న కిటుకు ఏమిటంటే, ‘ఇరవైసార్లు పాడాను’ అని చెప్పుకోవడానికి వీలుండదు. ఇరవైసార్లు పాడినా పిక్కలు ఎడమవైపే ఉండొచ్చు. (నవ్వులు) ఉంటే కోపం తెచ్చుకోకండి. ఇంకా నెమ్మదిగా పాడాలన్నమాట. పావుగంట దాటినా పిక్కలు కదలకపోతే ఆపేసి వేరే పాఠం చేసుకోండి. చెవి అలిసిపోయాక తప్పు వినపడదు, అప్పుడు పాడేదంతా నష్టమే.

ఇక కాలం. మొదటి కాలంలో అక్షరానికి, అంటే తాళంలో ఒక లెక్కకి, ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ఇది అందరికీ తెలుసు. కానీ మొదటి కాలాన్ని ఎక్కడ ఎత్తుకోవాలో ఎవరూ ఆలోచించరు. హాయిగా ఉంది కదా అని నిమిషానికి 80 దెబ్బల దగ్గర మొదలుపెడతారు. మూడో కాలానికి వచ్చేసరికి అది నిమిషానికి 320 స్వరాలు. సెకనుకి అయిదుకి పైగా. మొదటి ఏడాది పిల్ల గొంతు అంత వేగంగా తిరగదు. అందుకని స్వరాలు మింగుతుంది, లేదా తాళం వదిలేస్తుంది. కాబట్టి లెక్క వెనక నుంచి వేయండి. మూడో కాలంలో స్వరం స్వరం విడిగా పలికే వేగం ఏదో చూసి, దాన్ని నాలుగుతో భాగించి, అక్కడ మొదటి కాలం ఎత్తుకోండి. చాలామందికి అది 40 దగ్గర ఉంటుంది. అప్పుడు మూడో కాలం 160. వారం రోజులు అక్కడే ఉండి, శుభ్రంగా ఉంటే 44కి వెళ్లండి. అలా నాలుగేసి పెంచుకుంటూ 60కి చేరడానికి అయిదు మెట్లు. మెట్టు ఎక్కాక పాడైతే ఒక మెట్టు దిగడానికి సిగ్గుపడకూడదు.

నెమ్మదిగా పాడటం సులువనుకుంటారు గానీ, ఊపిరి దగ్గర అసలు బండారం బయటపడుతుంది. 40 వేగంలో ఎనిమిది స్వరాలంటే పన్నెండు సెకన్లు. చిన్నపిల్లలు లఘువు (తాళంలో మొదటి భాగం) పూర్తయ్యాక, అంటే నాలుగు అక్షరాలకి ఒకసారి ఊపిరి తీసుకోవచ్చు. ఎక్కడ పడితే అక్కడ, రిషభం మధ్యలో మాత్రం తీసుకోకూడదు. ఇంకో చిక్కుంది. కాలం మారినప్పుడు గొంతుతో పాటు చెయ్యి కూడా వేగం పెంచేస్తుంది. చెయ్యి మూడు కాలాల్లోనూ ఒకేలా పడాలి. అనుమానముంటే మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని వేగం చూపే పరికరం) పెట్టుకుని ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పాడి, తర్వాతి ఆవర్తనం పెదవి కదపకుండా మనసులో పాడుకుంటూ తాళం వేసి, మూడోది పైకి ఎత్తుకోండి. మెట్రోనోమ్‌తో కలిస్తే మీ లయ గట్టిదే.

జంట వరుసల్లో స స, రి రి అని రెండో స్వరం మీద ఊనిక పడాలి. పిల్లలు రెండూ కలిపి ‘సా’ అని సాగదీస్తారు, లేదా గొంతు నొక్కి రెండోది విడగొడతారు. గొంతు నొక్కితే నాలుగు రోజుల్లో బొంగురుపోతుంది. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పాడండి, రెండో స్వరానికి పొట్ట కదలాలి.

దాటు వరుసల దగ్గర కాసేపు ఆగుదాం. స మ గ మ రి గ స రి, స గ రి గ, స రి గ మ. ఇది పాడేటప్పుడు ‘రిషభం సరిగ్గా రావట్లేదు’ అంటారు. సరే, ఒక్క రిషభం పాడమంటే చక్కగా పాడతారు! తప్పు రిషభంలో లేదు, మధ్యమం (మ) నుంచి రిషభానికి వచ్చే దారిలో ఉంది. గాంధారాన్ని దాటి దూకాలి, ఆ దూకుడులో పూర్తిగా కిందికి రారు. కాబట్టి చెడిన స్వరాన్ని విడిగా సాధకం చేస్తే లాభం లేదు, అతుకుని సాధకం చేయాలి. మ రి. మ రి. తర్వాత గ మ రి. తర్వాత గ మ రి గ. ముందొక స్వరం, వెనకొక స్వరం కలుపుకుంటూ పెంచుకుపోవాలి. వర్ణాలకి వెళ్లినా, కృతుల్లో ఒకే పంక్తిని రకరకాలుగా పాడే సంగతులకి వెళ్లినా ఇదే పద్ధతి. నేను ఈ సాయంత్రం చెప్పినదాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే, ఇది పెట్టుకోండి.

అలంకారాల్లో, అంటే ఏడు తాళాల్లో పాడే వరుసల్లో, అందరూ బోల్తా పడేది ఝంపె తాళం దగ్గర. మిశ్రజాతి లఘువు ఏడు, అనుద్రుతం ఒకటి, ద్రుతం రెండు, మొత్తం పది. స రి గ స రి స రి, గ, మ... ఆ చివరి మధ్యమం రెండక్షరాలు నిలవాలి. దెబ్బ మీద ‘మ’ అనేసి విసురు (ద్రుతంలో రెండో అక్షరం) మింగేస్తారు. పది తొమ్మిదవుతుంది, రెండో ఆవర్తనానికే అంతా తారుమారు. లఘువులో కూడా వేళ్లు చూసుకోండి. దెబ్బ తర్వాత చిటికెన వేలి నుంచి బొటన వేలి దాకా అయిదు, మళ్లీ చిటికెన వేలు. ఏడు.

సరే, సానుకూల దృక్పథం అన్నారు. అద్దం ముందు నిలబడి ‘నేను సాధిస్తాను’ అనుకోమని నేను చెప్పను. దానివల్ల ధైవతం దిగదు. (నవ్వులు) నా దృష్టిలో సానుకూల దృక్పథమంటే తన తప్పు తాను వినగలగడం. విని, ఏడవకుండా, దాచకుండా, ఇది ఫలానా చోట ఇంత తేడా అని చెప్పగలగడం. రోజూ చివరి అయిదు నిమిషాలు ఒక్క పాఠం ఫోన్‌లో రికార్డు చేయండి. అప్పుడే వినొద్దు, పాడిన వేడిలో అంతా బాగానే ఉంటుంది. మర్నాడు సాధకానికి ముందు వినండి. పుస్తకంలో రాయండి. ఏ ఆవర్తనం, ఏ స్వరం, ఎక్కిందా దిగిందా. ‘బాగాలేదు’ అని రాయడానికి నేను ఒప్పుకోను. ‘బాగాలేదు’ అన్న మాట పట్టుకుని రేపు ఏం చేస్తారు? ‘నాలుగో వరుస, దిగేటప్పుడు రిషభం ఎక్కింది’ అని రాస్తే రేపటి సాధకం ఎక్కడ మొదలుపెట్టాలో రాసుకున్నట్టే. రెండు నెలల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే పాత తప్పులు కనబడవు, కొత్త తప్పులుంటాయి. ఆ మార్పు చూసుకున్న పిల్లలకి ధైర్యం వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

తల్లిదండ్రులకి ఇక్కడే ఒక మనవి. వంటింట్లోంచి ‘అపస్వరం!’ అని కేకేయకండి. ‘అబ్బ, ఎంత బాగా పాడావో’ అని ప్రతిసారీ అనకండి కూడా. నిన్న ఎక్కిన రిషభం ఇవాళ దిగితే, ‘రిషభం కుదిరింది’ అనండి. మీకు స్వరజ్ఞానం లేకపోతే ‘ఇవాళ పిక్కలన్నీ అటు చేరాయా’ అని అడగండి, చాలు. ‘మావాడికి గొంతు లేదండీ’ అన్న మాట మాత్రం వాడి ముందు అనొద్దు. వాడు నమ్మేస్తాడు.

బాలమురళీకృష్ణగారి పేరు చెబుతారు చాలామంది. ఎనిమిదేళ్లకే విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశారు, యుక్తవయసులోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాశారు, అదంతా పుట్టుకతో వచ్చిందండీ అని. ప్రతిభ ఎంత గొప్పదో చెప్పడానికి నేనెవర్ని? కానీ ఆయన తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీత విద్వాంసులని, తల్లి వీణ వాయించేవారని, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారని కూడా చెప్పాలి కదా. ఆ ఇంట్లో ఊహ తెలియని రోజుల నుంచీ చెవిలో పడింది శ్రుతే. మన ఇళ్లలో టీవీ ఆగదు, పిల్లవాడు శ్రుతిలో లేడంటాం.

పదివేల గంటల లెక్క కూడా ఒకటి ప్రచారంలో ఉంది. పదివేల గంటలు చేస్తే ఎవరైనా విద్వాంసులవుతారని. దీని మూలం 1993లో ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం. అందరికంటే మేటివాళ్లు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి ఒంటరిగా చేసిన సాధన సగటున పదివేల గంటలని అందులో ఉంది. సగటు మాత్రమే, హామీ కాదు. గంటలు లెక్కపెట్టుకుంటే చాలని వాళ్లు చెప్పలేదు, తప్పు ఎక్కడుందో చూసి దాని మీద చేసే సాధన గురించి చెప్పారు. అదే అధ్యయనంలో మేటి విద్యార్థులు కింది స్థాయి విద్యార్థుల కంటే ఎక్కువ నిద్రపోయేవారని కూడా ఉంది. అది మాత్రం ఎవరూ ప్రచారం చేయరు. పరీక్షల ముందు రాత్రి పదకొండు దాకా పాడించే తల్లులు వినాలి. మొదటి ఏడాది పిల్లలకి రోజుకి నలభై అయిదు నిమిషాలు చాలు. వీలైతే ఉదయం అరగంట, సాయంత్రం పావుగంట. ఆదివారం మూడు గంటలు పాడి మిగతా ఆరు రోజులు ఎగ్గొడితే సోమవారం గొంతు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఉదయం అన్నాను కాబట్టి, తెల్లవారుజామున గొంతు కిందికి బాగా దిగుతుంది. మంద్రస్థాయి సాధకానికి అదే సమయం. లేవగానే తారస్థాయి అందుకోకండి. గోరువెచ్చని నీళ్లు తాగండి. నొప్పి మొదలైతే ఆపేయాలి, భరించి పాడటం క్రమశిక్షణ అనిపించుకోదు. జలుబు చేసిన రోజు గుసగుసగా పాడటం కూడా గొంతుకి శ్రమే. ఆ రోజు తాళం వేసుకుంటూ స్వరాలు మనసులో పాడుకోండి, సాహిత్యం రాసుకోండి, పెద్దల కచేరీ ఒకటి పుస్తకం ముందు పెట్టుకుని వినండి. సాధకం తప్పినట్టు కాదు. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల కషాయం పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక తల్లి: మా అక్కవాళ్ల అమ్మాయి అమెరికాలో ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోందండీ. గురువుగారితో కలిసి పాడితే తాళం కలవట్లేదు.)

కలవదమ్మా, అది పాప తప్పు కాదు. శబ్దం అటు చేరి ఇటు వచ్చేసరికి కొంత ఆలస్యమవుతుంది. ఇద్దరూ కలిసి పాడటం మానేయమనండి. గురువుగారు పాడినప్పుడు పాప మైక్ ఆపి పాడాలి, పాప పాడేటప్పుడు తన గదిలోనే శ్రుతి, మెట్రోనోమ్ పెట్టుకోవాలి, గురువుగారు ఊరికే వినాలి. ఇంకొకటి, జూమ్ లాంటివి శ్రుతిని చప్పుడు అనుకుని తీసేస్తాయి. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది పెట్టాలి. లేకపోతే పాప శ్రుతిలో ఉందో లేదో గురువుగారికి తెలియనే తెలియదు.

(ఒక విద్యార్థి: మేడమ్, నాకు పధ్నాలుగేళ్లు. గొంతు మారుతోంది. నాలుగు నెలల నుంచి అయిదు శ్రుతిలో పాడలేకపోతున్నాను. మానేద్దామనుకుంటున్నాను.)

మానొద్దు నాన్నా. అయిదు శ్రుతిని మాత్రం వదిలెయ్. మగపిల్లలకి ఈ వయసులో గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి వస్తుంది, నిలదొక్కుకోవడానికి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. అంతదాకా ఏ శ్రుతి అని పట్టుపట్టకు. వారానికోసారి మంద్ర పంచమం ఎక్కడ పలుకుతోందో చూసుకుని అక్కడి నుంచి షడ్జమం పెట్టుకో, ఆ తేదీ, ఆ శ్రుతి పుస్తకంలో రాసుకో. రోజుకి పావుగంట, మధ్యస్థాయిలోనే, సరళీ వరుసలు 40 వేగంలో. పైస్థాయి ముట్టుకోవద్దు. గొంతు చీలితే ఆగి నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకో, నవ్వితే నవ్వనీ. మిగిలిన అరగంట తాళాలకి పెట్టు. ఏడు తాళాల అలంకారాలూ నోరు తెరవకుండా చేత్తో మూడు కాలాల్లో వేయడం ఇప్పుడు నేర్చుకున్నావంటే, గొంతు కుదిరేనాటికి నీ తోటివాళ్ల కంటే లయలో ముందుంటావు. వచ్చే వారం పుస్తకం పట్టుకుని రా, చూస్తాను.